ఊరికి తోటపని నేర్పిన సంఘం: లాల్‌బాగ్ సింహావలోకనం

బెంగళూరుకు ఉద్యాననగరమన్న పేరు ఎవరి చలవ అని అడిగితే కొందరు హైదర్ అలీ అంటారు, కొందరు మైసూరు మహారాజులంటారు, కాస్త లోతుగా చదివినవాళ్లు క్రుంబిగల్ దొర పేరు చెబుతారు. ఆ పేరులో వీళ్లందరికీ వాటా ఉంది, కాదనలేం. కానీ లాల్‌బాగ్ ఎంత పెద్దదైనా, ఒక్క తోటతో ఊరంతా పచ్చబడదు. ఇంటి ముందు నాలుగు కుండీలైనా పెట్టుకోవాలన్న అలవాటు, పక్కింటి గులాబీ కంటే మన గులాబీ నాలుగు పూలు ఎక్కువ పూయాలన్న పంతం, మొక్కకు పురుగు పడితే ఎవరిని అడగాలో తెలిసి ఉండటం, ఇవి వాటంతట అవి రావు. ఎవరో ఏళ్ల తరబడి పనిగట్టుకుని నేర్పాలి. బెంగళూరులో ఆ పని తోటల మీద మక్కువ ఉన్నవాళ్లు కూడి పెట్టుకున్న సంఘాలు చేశాయి. వాటిలో పెద్దది, ఇప్పటికీ నడుస్తున్నది 1912లో పుట్టిన మైసూర్ హార్టికల్చరల్ సొసైటీ. లాల్‌బాగ్ గురించి రాసేవాళ్లు గాజుమేడ గురించి పేజీలకు పేజీలు రాసి, ఈ సంఘాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

కథ మొదలు మాత్రం రాజుల దగ్గరే. 1760లో హైదర్ అలీ ఊరి బయట సుమారు 40 ఎకరాల్లో తోట వేయించాడు, అదే లాల్‌బాగ్. మన మడకశిరకు దగ్గర్లోని సిరాలో మొగలుల కాలం నాటి తోట ఉండేది, దాన్ని చూసి ముచ్చటపడే ఇది వేయించాడంటారు. చేతులు మట్టిలో పెట్టి పనిచేసినవాళ్లు తిగళులు. బెంగళూరులో తరతరాలుగా తోటపనికి పెట్టింది పేరు వాళ్లు. ఊరికంతటికీ పండగైన కరగ ఉత్సవం జరిపేది కూడా వాళ్లే. టిప్పు కాలంలో పర్షియా, కాబూల్, మారిషస్ లాంటి చోట్ల నుంచి మొక్కలూ విత్తనాలూ వచ్చాయి.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక తోట కంపెనీ చేతికి పోయింది. దాన్ని చూసుకోవడానికి వచ్చిన బెంజమిన్ హేన్ ఎక్కడి నుంచి వచ్చాడో తెలిస్తే మనకు ఆసక్తిగా ఉంటుంది. ఆయన వచ్చింది మన సామర్లకోట నుంచి. వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ సామర్లకోటలో పెంచిన కంపెనీ తోటను, రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లిపోయాక, ఈ హేనే చూసుకున్నాడు. గోదావరి జిల్లా చెట్లను, చేలను దగ్గరగా చూసిన కళ్లతో బెంగళూరు వచ్చి, దేశం నలుమూలల నుంచి వచ్చే ఉపయోగకరమైన మొక్కలకు లాల్‌బాగ్ నిలవచోటు కాగలదని సిఫార్సు చేశాడు. ఆ మాట తర్వాత నూరేళ్ల పాటు తోటకు దారి చూపింది. ఆయన తర్వాత మేజర్ వా అనే అధికారి తోటను కొన్నాళ్లు తన చేతిలో ఉంచుకున్నాడు. 1819లో అది కలకత్తా వృక్షోద్యానం అజమాయిషీలోకి పోయింది. వందల మైళ్ల దూరం నుంచి ఉత్తరాలతో తోట నడపడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1831లో మైసూరు పాలన తెల్లవాళ్ల చేతికి వచ్చినప్పుడు తోట కూడా మళ్లీ బెంగళూరు పెద్దల చేతికి వచ్చింది.

బెంగళూరులో మొదటి సంఘం పుట్టింది ఈ దశలోనే. 1820లో విలియం కేరీ కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘం పెట్టాడు. 1835లో మద్రాసులో అలాంటిదే వచ్చింది. మరుసటి ఏడాది, 1836లో, బెంగళూరులోనూ ఒకటి మొదలైంది. దీన్ని ముందుండి నడిపించిన విలియం మన్రో వయసులో చిన్నవాడు, సైన్యంలో అధికారి. గడ్డిజాతులంటే ప్రాణం. తర్వాత వెదురు జాతి మీద ఆయన రాసిన గ్రంథం 1868లో వచ్చింది. కమిషనర్ మార్క్ కబ్బన్ లాల్‌బాగ్‌నే ఆ సంఘానికి అప్పగించాడు. పాలకుడి తోటను ఊళ్లోని మొక్కల ప్రియుల చేతిలో పెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కానీ సంఘంలో ఉన్నవాళ్లలో చాలామంది సైనికాధికారులు. పటాలం కదిలితే సభ్యులూ కదిలిపోతారు. ఊళ్లో వేళ్లూనుకుని ఉండిపోయే తిగళులకూ, పేటలోని వ్యాపారులకూ, చుట్టుపక్కల రైతులకూ అందులో చోటు లేదు. ఆరేళ్లకే, 1842లో, అది మూతపడింది. అందులో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

ఆ తర్వాత 70 ఏళ్లు పూర్తిగా ప్రభుత్వ కాలం. 1856లో అటవీ శాఖలో పేరుపడ్డ హ్యూ క్లెగ్‌హార్న్ సలహాతో లాల్‌బాగ్ ప్రభుత్వ వృక్షోద్యానమైంది. లండన్ క్యూ తోటలో పని నేర్చిన విలియం న్యూ 1858లో వచ్చి దాన్ని ఒక తీరుకు తెచ్చాడు. 1874లో వచ్చిన జాన్ కామెరాన్ 34 ఏళ్లు ఉన్నాడు. ఆయన ఉన్న కాలంలో తోట విస్తీర్ణం 188 ఎకరాలకు పెరిగింది. కెంపేగౌడ బురుజు ఉన్న పురాతన రాతి గుట్ట అందులో కలిసింది. కూరగాయల్లో, పండ్లలో కొత్త రకాలు తెప్పించి, ఇక్కడి నేలకు అలవాటు చేసి, రైతులకు పంచాడు. మన వంటింట్లో పప్పులోకీ, కూటులోకీ వేసుకునే బెంగళూరు వంకాయ అలా ఆయన చేతి మీదుగానే ఇక్కడి తోటల్లోకి వచ్చిందని చెబుతారు.

గాజుమేడ కూడా కామెరాన్ ఉన్నప్పుడు కట్టిందే. 1889 నవంబరు 30న రాకుమారుడు ఆల్బర్ట్ విక్టర్ పునాదిరాయి వేశాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పోలికతో ఇనుము, గాజు కలిపి లేపిన ఆ మండపాన్ని అందరూ అలంకారమనుకుంటారు గానీ, కట్టించింది పని కోసమే. పూలూ పళ్లూ కూరగాయలూ తెచ్చి పెట్టడానికి, పదిమందీ చూసి పోల్చుకోవడానికి ఒక నీడపట్టు కావాలి. అక్కడ బహుమతి పుచ్చుకున్న కూరగాయ విత్తనం కావాలని మరుసటి ఏడాది నలుగురు రైతులు అడుగుతారు. ప్రదర్శన అనేది మొదట్లో అలా వ్యవసాయపు బడి. తర్వాతి కాలంలో అది తిరునాళ్లలా మారింది. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

1908లో కామెరాన్ స్థానంలోకి గుస్తావ్ హెర్మన్ క్రుంబిగల్ వచ్చాడు. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర లోమెన్‌లో 1865లో పుట్టాడు. లండన్‌లో హైడ్ పార్కులో పూలమళ్లు తీర్చాడు, క్యూలో పనిచేశాడు, 1893లో బరోడా గైక్వాడ్ పిలిస్తే ఇండియా వచ్చాడు. మైసూరుకు వచ్చాక ఇక్కడే ఉండిపోయాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ జర్మన్ అన్న కారణంతో బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని నిర్బంధించారు. అయినా పోయేదాకా, 1956 వరకూ, బెంగళూరే ఆయన ఊరు. హోసూరు రోడ్డు శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

ఆయన గొప్పతనం చెప్పాలంటే అందరూ వీధి చెట్ల వరస గురించి చెబుతారు. ఒక చెట్టు పూత అయిపోయేసరికి ఇంకొకటి అందుకోవాలి, ఏడాదిలో ఏ నెలా ఊరు పూలు లేకుండా ఉండకూడదు అని ఆయన లెక్క. టబెబుయా, జకరండా, తురాయి, నిద్రగన్నేరు ఇలా ఒకదాని వెనక ఒకటి. ఇప్పటికీ బెంగళూరులో వేసవి ముందు గులాబీ రంగు, తర్వాత ఊదా, ఆ తర్వాత ఎరుపు వరసగా వస్తాయంటే ఆ లెక్క పుణ్యమే. నేనైతే దీనికంటే 1912ను పెద్దదిగా చూస్తాను. వీధిలో చెట్టు నాటించడానికి మహారాజు ఉత్తర్వు చాలు. ఇంటి గేటు దాటి లోపలికి ఏ ఉత్తర్వూ రాదు, అక్కడికి వెళ్లాలంటే సంఘం కావాలి. క్రుంబిగల్ హయాంలో మైసూర్ హార్టికల్చరల్ సొసైటీ మొదలైంది. ప్రభుత్వ శాఖ తోట నడుపుతుంది, సంఘం జనాన్ని తోటలోకి తెస్తుంది, ప్రదర్శన ఇద్దరూ కలిసి జరుపుతారు. ఈ ఏర్పాటు అప్పుడు కుదిరింది, నూరేళ్లు దాటినా అదే నడుస్తోంది. 1836 సంఘానికి తోటే ఆస్తి, సభ్యులు కదిలిపోగానే అది లేకుండా పోయింది. 1912 సంఘానికి సొంత తోట అక్కర్లేదు, ఊళ్లోని పెరళ్లన్నీ దాని తోటే. అది నిలబడటానికి కారణం ఇదేనని నా నమ్మకం.

దీనికి అండగా నిలిచిన పాలకుడు మిర్జా ఇస్మాయిల్. 1926 నుంచి 1941 వరకు మైసూరు దివాను. తర్వాత 1946లో నిజాం ప్రధానిగా హైదరాబాద్ వచ్చి, ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయిన మిర్జా ఈయనే. ఊళ్లో చెత్త కనిపిస్తే ఆగి కేకలేసే మనిషి, పూలమడి కనిపిస్తే ఆగి మెచ్చుకునే మనిషి అని ఆయనకు పేరు. మైసూరు దగ్గరి కన్నంబాడి ఆనకట్ట కింద బృందావన్ తోట ఆయనా క్రుంబిగలూ కలిసి తీర్చినదే. 1935లో గాజుమేడకు తూర్పు వైపు కొత్త భాగం చేర్పించాడు, దానికి ఇనుము భద్రావతి కార్ఖానా నుంచి వచ్చింది. ప్రదర్శనకు వచ్చే జనం పెరిగితేనే కదా మండపం పెంచాల్సి వచ్చేది.

క్రుంబిగల్ తర్వాత 1932లో పగ్గాలు హెచ్.సి. జవరాయ చేతికి వచ్చాయి. క్యూలో చదువుకుని వచ్చిన మైసూరు మనిషి. దొరల తర్వాత తోటను నడిపిన మన దేశస్థుడు. పండ్ల తోటల మీద ఆయన దృష్టి ఎక్కువ. హెసరఘట్టలో ఆయన వేసిన పండ్ల పరిశోధన క్షేత్రం చోటే తర్వాత భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థకు నెలవైంది.

ఎం.హెచ్. మరిగౌడ దగ్గర మాత్రం ఆగి మాట్లాడాలి. 1916లో రైతు కుటుంబంలో పుట్టాడు, హార్వర్డ్ దాకా వెళ్లి డాక్టరేటు తెచ్చుకున్నాడు, తిరిగి వచ్చి 1951లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్నాడు. అప్పటిదాకా తోటలంటే పట్నం ముచ్చట. దాన్ని రైతు బతుకుతెరువుగా మార్చింది ఈయన. జిల్లా జిల్లాకూ నర్సరీలు, క్షేత్రాలు పెట్టించి తక్కువ ధరకు నిఖార్సైన మొక్క అందేలా చూశాడు. 1963లో ఉద్యాన శాఖ వ్యవసాయ శాఖ నుంచి విడిపడి సొంతంగా నిలబడింది. తోట 240 ఎకరాలకు చేరిందీ ఈ కాలంలోనే. 1959లో బెంగళూరు చుట్టుపక్కల ద్రాక్ష రైతులతో సహకార సంఘం కట్టించాడు. దళారికి కాదు, నేరుగా ఊరి జనానికి అమ్ముకోవాలని దాని ఉద్దేశం. అదే హాప్‌కామ్స్‌గా ఎదిగి, బెంగళూరు వీధి మూలల్లో కూరగాయల దుకాణమైంది. మన దగ్గర రైతు బజార్లు 1999లో వచ్చాయి, అంటే ఇది వాటికి 40 ఏళ్లు పెద్దది. నర్సరీలవాళ్లకూ లాల్‌బాగ్‌లోనే ఒక సహకార సంఘం ఏర్పడింది. మొక్క కొనాలంటే నేటికీ చాలామంది బెంగళూరువాళ్లు వెళ్లేది అక్కడికే.

ఇప్పుడు పోటీల సంగతి. సంఘం పనిలో బయటి ఊళ్లవాళ్లకు అస్సలు తెలియని భాగం ఇదే, నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేదీ ఇదే. ఏటా రెండుసార్లు, జనవరి 26కూ ఆగస్టు 15కూ ఆనుకుని లాల్‌బాగ్‌లో పూలప్రదర్శన జరుగుతుంది. దానికి కొన్ని వారాల ముందు ఊళ్లో తోటల పోటీకి దరఖాస్తులు పిలుస్తారు. చిన్న ఇంటి తోట, పెద్ద ఇంటి తోట, మిద్దె మీది తోట, కార్యాలయాలది, ఫ్యాక్టరీలది, విద్యాసంస్థలది, ఇలా వేరు వేరు తరగతులు. న్యాయనిర్ణేతలు ఇంటింటికీ వస్తారు.

వాళ్లు చూసే తీరు చూస్తే తోటపని అంటే ఏమిటో అర్థమవుతుంది. గేటు దగ్గర నిలబడి రంగులు చూసి మార్కులేసే పని కాదది. ఆకు తిరగేసి అడుగున తెల్లదోమ ఉందా, పిండినల్లి ఉందా చూస్తారు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిచాయా చూస్తారు. గడ్డి అంచు తీరుగా కోసి ఉందా, వాడిన పూలు ఎప్పటికప్పుడు తుంచుతున్నారా, ఎండాకులు ఎక్కడికి పోతున్నాయి అని అడుగుతారు. కంపోస్టు గుంట ఉంటే మూత తీయిస్తారు. ఒక మూలన కూర్చుని ఉన్న మాలిని పిలిచి ఈ మొక్క పేరేంటి, ఎప్పుడు కత్తిరించావు అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి పరీక్షకు నిలబడాలంటే ఒక్క నెల హడావుడి చాలదు, ఏడాదంతా తోట చూసుకోవాలి. తొలి బహుమతి షీల్డు ఒక ఇంటికి వస్తే ఆ వీధిలో మరుసటి ఏడాది ఇంకో రెండు దరఖాస్తులు పడతాయి. పచ్చదనం అలా పాకుతూ పోతుంది. గెలిచిన ఇళ్లలో మొక్కలు చూసుకునేది చాలా చోట్ల జీతపు మాలే. బహుమతి అందుకునేటప్పుడు యజమాని పక్కన ఆ మాలి కూడా నిలబడాలి. ఇది నా మనసులో మాట.

ప్రదర్శనలో కూడా సంఘం తరఫున జరిగేవి చాలా ఉన్నాయి. ఇకెబానా, బోన్సాయ్, కూరగాయలు చెక్కి బొమ్మలు చేయడం, ఎండుపూల అలంకారాలు, మన పద్ధతి పూల అమరికలు. వీటిలో ఎక్కువగా కనిపించేది గృహిణులు, కాలేజీ పిల్లలు. గాజుమేడ మధ్యలో మాత్రం పెద్ద పూలబొమ్మ ఉంటుంది. దాని పని చూడదగ్గది. ముందు ఇనుప చట్రం బిగిస్తారు. దాని మీద నీళ్లు పీల్చే స్పాంజి దిమ్మెలు పేరుస్తారు. ఒక్కో గులాబీనీ, ఒక్కో చామంతినీ కాడ చిన్నగా కోసి ఆ దిమ్మెలో గుచ్చుతారు. రాత్రింబవళ్లు పదుల మంది కూర్చుని చేసే పని. ప్రదర్శన పది రోజులకు పైగా నడిస్తే పూలు వాడక తప్పదు, అందుకని మధ్యలో పాతవి పీకి మళ్లీ మొత్తం కొత్తవి గుచ్చుతారు. బయట మళ్లలో ఆగస్టుకు కావాల్సిన జినియా, కోడిజుట్టు, బంతి నారు వానలకు తట్టుకుని నిలవాలి. జనవరికి కావాల్సిన పెటూనియా, సాల్వియా, డేలియాలు సరిగ్గా ఆ వారానికే విచ్చుకోవాలి. నారు పోసే తేదీ రెండు మూడు నెలల ముందే నిర్ణయమవుతుంది. వారం అటూ ఇటూ అయిందంటే ప్రదర్శన రోజున మొగ్గలైనా ఉంటాయి, రాలిన రేకులైనా ఉంటాయి.

కోవిడ్ కాలంలో కొన్ని ప్రదర్శనలు ఆగిపోయాయి. 2022 ఆగస్టులో మళ్లీ మొదలైనప్పుడు అది 212వది. కన్నడ నటులు రాజ్‌కుమార్, పునీత్ రాజ్‌కుమార్‌లకు అంకితమిచ్చారు. జనం విరగబడి వచ్చారు. తర్వాత బెంగళూరు చరిత్ర, బసవన్న, అంబేడ్కర్, వాల్మీకి ఇతివృత్తాలుగా వచ్చాయి. అంత జనం తోటలోకి రావడం సంతోషించాల్సిన విషయమే, పిల్లలు పూల మధ్య తిరగడం కంటే ఏం కావాలి? అయినా ఒక వెలితి ఉంది. బొమ్మ ముందు ఫోటో తీసుకుని వెనుదిరిగే మనిషికి, పక్క పందిట్లో ఒక ఇల్లాలు మూడు నెలలు పెంచి తెచ్చిన కుండీ కంటబడటం లేదు. కామెరాన్ నాటి ప్రదర్శనలో రైతు తెచ్చిన గుమ్మడికాయదే అగ్రతాంబూలం. ఇప్పుడది పక్కకు జరిగింది.

తోటపని పాఠాలు చెప్పడానికి కట్టిన పాత హాలు ఒకటి లాల్‌బాగ్‌లో ఉండేది. క్రుంబిగల్ పేరు పెట్టుకున్నారు దానికి. ఏళ్ల తరబడి పట్టించుకోక 2017లో కూలిపోయింది. ఎన్ని లక్షల పూలతో బొమ్మలు చేసినా ఆ కూలిన గోడలకు సమాధానం కాలేవు.

భూమి మీద ఒత్తిడి కూడా ఆగడం లేదు. 2009లో మెట్రో కోసం లాల్‌బాగ్ ప్రహరీ పడగొట్టినప్పుడు జనం వీధిలోకి వచ్చారు. 2025లో సొరంగ రహదారికి తోటలో కొంత నేల కావాలన్నప్పుడు మళ్లీ వచ్చారు. రాజు వేసిన తోట కోసం రెండున్నర శతాబ్దాల తర్వాత ఊరు గొడవపడుతోందంటే, మధ్యలో ఎవరో దాన్ని ఊరిదిగా చేశారన్నమాట. పోటీలూ ప్రదర్శనలూ నడిపినవాళ్లకు అందులో సగం భాగమైనా ఇవ్వాలి.

మన తెలుగు ఊళ్లలో మొక్కల ప్రేమికులకు కొదవ లేదు. కడియం నర్సరీల నుంచి లారీల కొద్దీ మొక్కలు బెంగళూరుతో సహా దేశమంతా వెళుతున్నాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో మిద్దెతోటల బృందాలు విత్తనాలు పంచుకుంటున్నాయి, పండిన కాయగూరలు చూపించుకుంటున్నాయి. ఇంటింటికీ వెళ్లి ఆకు తిరగేసి చూసే ఆ పోటీని ఈ బృందాలు ఒక్క ఊళ్లోనైనా మొదలుపెడితే బాగుంటుంది. ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు. నలుగురు అనుభవమున్న న్యాయనిర్ణేతలు, ఒక దరఖాస్తు ఫారం, కొన్ని షీల్డులు, వాటిని ఊరందరి ముందు ఇవ్వడానికి ఒక రోజు ఉంటే చాలు. స్వతంత్ర ఇళ్లు పోయి అపార్టుమెంట్లు వస్తున్నాయి కాబట్టి బాల్కనీకి ఒక తరగతి పెట్టాలి. మాలీలకు విడిగా ఇంకొకటి పెట్టాలి.